హంపక్క కాగితాలు

మంచుకాలం, రెండో రోజు

రాయడం నాకు అలవాటు లేదు. వలలు కుట్టే చేయి నాది. హంపక్క పట్టుబట్టింది గనక రాస్తున్నాను.

పొద్దున పడమటి వరస మంచువలలు దులిపి, రాలిన నీళ్ళు పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆమె మా గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రేకుపెట్టె. గుట్ట మీద ఆ పెట్టెను ఎరగనివాళ్ళు లేరు. కిత్తనారతో మేమే చేసుకునే దొడ్డు కాగితాల మీద ఇన్నేళ్ళుగా ఆమె రాసిన కథలు, పంపని ఉత్తరాలు, సగం సగం పాటలు, ఈమధ్య రాసుకుంటున్న తన బతుకుకథ, అన్నీ అందులోనే. మిగతావాళ్ళు గుర్తుంచుకోవలసినవన్నీ తలలోని గింజకు వదిలేస్తే ఈమె ఒక్కతే కాగితాన్ని నమ్మింది.

"గింజ చెడిందంట మే, మాబూ," అంది. "సంజన్న డాక్టరు నిన్న చూసి చెప్పినాడు."

నెత్తిన ఉన్న బిందె దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

ఆమెకు ఇరవై రెండేళ్ళున్నప్పుడు కింద మైదానంలో ఎండతో కరెంటు తీసే పలకల కంపెనీలో పనికి చేరింది. చేరినవాళ్ళందరికీ చెవి వెనక గింజ పెట్టారు, పని తొందరగా తలకెక్కుతుందని. పెట్టిన తర్వాత వచ్చే జ్ఞాపకమంతా ఆ గింజను చుట్టుకునే పెరుగుతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు. కంపెనీ పోయింది. మైదానంలో బావులెండాయి. మంచు పట్టి బతకడానికి మేమంతా ఈ గుట్టెక్కాం. గింజలు మాత్రం తలల్లో ఉండిపోయి ఇప్పుడు ఒక్కొక్కటే కుళ్ళుతున్నాయి. తీయించుకోకపోతే మూర్ఛలొచ్చి మనిషి పోతుంది. తీయించుకుంటే మనిషి దక్కుతుంది, గింజ పెట్టిన నాటి నుంచి జరిగినదేదీ దక్కదు. నాకు చిన్నప్పటి నుంచీ చెవిలో చీము. అందుకని నాకు పెట్టలేదు. నాకన్నీ గుర్తున్నాయి.

"తీయించుకుంటావు గదా?" అన్నాను.

"సావాలనైతే ల్యాదు." పెట్టె నా వైపు జరిపింది. "ఇది నీ కాడ పెట్టుకో. అందురూ చదవాల. బళ్ళో పిల్లోల్లు చదవాల. నాకి మాత్రం ఇయ్యొద్దు."

"నీ కాగితాలు నీకియ్యకుంటే ఎట్లక్కా?"

"నేనడిగినా ఇయ్యొద్దు. ఏడిసినా ఇయ్యొద్దు. పెన్నా పోయిన దినం ఒగసారి చూసినా మే. అది చదివితే మల్లా చూడాల్సొస్తాది."

పెన్నా ఆమె కూతురు. పెన్నేరు ఎండిపోయాక పుట్టిన పిల్లకి ఆ ఏటి పేరే పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళకు పోయింది. బతుకుకథ ఆ రోజు దాకా వచ్చి ఆగిపోయి ఉంది. ఆ పేజీ ముందేసుకుని కూర్చోవడం, కలం కింద పెట్టి లేచి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

"ఆ అధ్యాయం నువ్వే రాయాల," అంది. "ఆ దినం నువ్వు నా పక్కనే ఉండావు. ఈ పొద్దు నుంచి దినామూ రెండు మాటలు రాసుకో. చెయ్యి తిరుగుతాది."

మాట ఇమ్మంది. ఇచ్చాను.

మంచుకాలం, నాలుగో రోజు

ఈరోజు హంపక్క ఇల్లిల్లూ తిరిగింది. రేపు గింజ తీస్తారు. ప్రతి గడప దగ్గరా అదే మాట: "నాకి బిడ్డ ఉన్న్యట్ల ఎవురూ చెప్పొద్దండి." కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు. ఆమె ఏడవలేదు. పెన్నా బట్టలు మూట కట్టి నా చేతికిచ్చి, చిన్నపిల్లలున్న ఇళ్ళకు పంచమంది.

సంజన్న డాక్టరు ఆమె వినకుండా నన్ను పక్కకు పిలిచాడు. "కిందటేడు బండప్పకి గింజ తీస్తిమి గదా. పెండ్లాం సచ్చిపోయిందని వాళ్ళన్న చెప్పేసినాడు. బండప్ప కూడు ముట్టకుండా గోడపక్కకి తిరిగి పండుకున్న్యాడు. ల్యాసిందే ల్యాదు. హంపక్క చెప్పిందే సరి. ఆ పెట్టె దాచిపెట్టు."

పెట్టెలో వేపాకు పరిచి రాగుల పీపా అడుగున పెట్టాను. మంచుకాలంలో ఇంట్లో చెమ్మ తగలని చోటు అదొక్కటే.

మంచుకాలం, ఏడో రోజు

కళ్ళు తెరిచింది.

నన్ను చూసి, "పెద్దమ్మా, కొంచెం నీళ్ళిస్తావా?" అంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఒకే పళ్ళెంలో సంగటి తిన్నవాళ్ళం. నాకంటే రెండేళ్ళు పెద్దది. నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు పట్టుకున్న తన చేతిని చూసుకుంది. వేళ్ళు విప్పింది, మూసింది. ఆ చేయి తనదేనని నమ్మకం కుదరక రెండో చేత్తో ముట్టుకుని చూసింది. డాక్టరు మెల్లగా సంగతి చెప్పాడు. గింజ, ఏళ్ళు, గుట్ట. పెళ్ళయిందని, ఆ మనిషి కంపెనీతో పాటే వెళ్ళిపోయాడని చెప్పాడు. అక్కడితో ఆపాడు.

"మా అమ్మ?" అని అడిగింది.

"కాలం చేసి శానా ఏండ్లాయ తల్లీ."

అప్పుడు ఏడ్చింది. తల్లి కోసం, ఇరవై రెండేళ్ళ పిల్ల ఏడ్చినట్లే ఏడ్చింది. నేను వీపు నిమురుతూ ఉండిపోయాను. నేనెవరో అడగలేదు. చెప్పుకోవాలని నాకూ అనిపించలేదు.

మంచుకాలం, పదిహేనో రోజు

మంచు బాగా దిగుతోంది. వలల కింద నీళ్ళు పట్టే దోనెలు నిండి పొర్లుతున్నాయి. హంపక్కకు వల కుట్టడం నేర్పుతున్నాను. నాకు నేర్పింది ఆమె. చేతికి పని గుర్తున్నట్లే ఉంది, ముడి వేసేటప్పుడు బొటనవేలు అదే తీరుగా వంచుతుంది. ఎందుకలా వంచుతున్నావంటే తెలియదంటుంది.

సంతోషంగానే ఉంటోంది. దారిన పోయే పడుచువాడిని చూసి నవ్వింది. వాడు "ఏమవ్వా, బాగుండావా?" అనేసరికి ముఖం ఎర్రబడి, మరుక్షణం పగలబడి నవ్వింది. "నేను అవ్వనంట మే, అవ్వనంట!" నన్నిప్పుడు పెద్దమ్మా అనడం మానింది. వాళ్ళూ వీళ్ళూ పిలవడం విని మాబూ అంటోంది. ఊరిబిండి పచ్చడి నూరి తీసుకొచ్చి నా పళ్ళెంలో పెట్టింది. రుచి మారలేదు.

ఇలాగే ఉండిపోతే బాగుండునని అనుకున్నాను. ఇచ్చిన మాట ప్రకారం బతుకుకథలో మొదటి అధ్యాయాలు తీసి బడికిచ్చి వచ్చాను. అందులో పెన్నా ఊసు ఉండదు, అంతా హంపక్క చిన్నతనం.

మంచుకాలం, పద్దెనిమిదో రోజు

స్నానాల తడిక దగ్గర నుంచి కేక వేసింది. పరుగెత్తి వెళ్ళాను, కాలు జారిందేమోనని. చీర సగం చుట్టుకుని నిలబడి ఉంది.

"ఇది ఏంది మాబూ?"

పొట్ట కింది భాగం చూపించింది. వెండి తీగల్లాంటి చారలు. ఇన్ని రోజులుగా ఎవరమూ ఆలోచించని సంగతి అది. నోళ్ళన్నీ కట్టుకున్నాం గానీ ఆమె ఒంటి నోరు ఎవరు కడతారు?

"మా అమ్మకుండేటివి ఇట్లాంటివి," అంది. "నేను కడుపులో ఉన్నప్పుడు వచ్చినాయని చెప్పేది. నాకి బిడ్డ పుట్టిందా?"

"ఇవన్నీ అడగొద్దక్కా."

"అడగొద్దంటే ఉండాదన్నట్లే గదా."

ఆమె చెంబు కింద పెట్టి, తడి చేతులతో ఆ చారలు తడుముతూ నిలబడింది. చలికి ఒళ్ళు వణుకుతోంది. తువ్వాలు కప్పాను.

మంచుకాలం, ఇరవై ఒకటో రోజు

ఇల్లిల్లూ తిరుగుతోంది. నిప్పు కావాలనో, ఉప్పు కావాలనో వెళ్ళి, ఆ ఇంట్లో ఉన్న ఆడపిల్లల ముఖాలు, మగపిల్లల ముఖాలు చూసి వస్తోంది. తన ముక్కు, తన నుదురు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని. నీళ్ళ వరసలో ఒక పిల్ల గడ్డం పట్టుకుని, "మీ అమ్మ ఎవరు?" అని అడిగిందట. ఆ పిల్ల భయపడి పరుగెత్తింది. ఆమెను చూడగానే ఆడవాళ్ళు మాటలాపి లోపలికి పోతున్నారు. చెప్పొద్దని వేడుకున్నది ఆమె. చెప్పడం లేదని ఇప్పుడు అందరినీ పగవాళ్ళలా చూస్తున్నదీ ఆమే.

తిండి తగ్గింది. వల కుడుతూ కుడుతూ మధ్యలో ఆగిపోతుంది. మంచు తెర పట్టి ఎదుటి మనిషి కనిపించని వేళ, అటుగా ఎవరి అడుగు వినిపించినా తలెత్తి చూస్తుంది.

మంచుకాలం, ఇరవై నాలుగో రోజు

జరగకూడనిది జరిగింది. బడి పక్కగా పోతుంటే లోపల టీచరమ్మ పైకి చదువుతోందట. హంపక్క తల్లి రాగులు విసురుతూ పాడిన పాట, తిరగలి పక్కన పడుకుని ఆ పాట విన్న చిన్నపిల్ల. హంపక్క లోపలికి వెళ్ళి, "మా అమ్మ పాట మీకెట్ల తెలుసు?" అందట. టీచరమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. "నువ్వే రాస్తివి గదక్కా," అనేసింది.

అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను మేకలకు ఆకు వేస్తున్నాను.

"నేను రాసేదాన్నంట. నా కాగితాలు నీ కాడ ఉండాయంట. తెచ్చియ్యి."

"ఇయ్యలేనక్కా."

"యాల?"

"నీకి ఇయ్యనని మాటిచ్చినా."

"ఎవురికి?"

"నీకే."

నన్ను ఎగాదిగా చూసింది. "నాకి ఇయ్యొద్దని నేను చెప్పినానా? ఎప్పుడు చెప్పినా? నాకి తెల్దు. ఆమె ఎవురో చెప్పింటే ఆమెనే పిలువు. ఆమె వచ్చి వద్దంటే పోతా."

ఇంట్లోకి దూరి మూలమూలా వెతికింది. పీపా మూత తీసింది. రాగుల్లో మోచేతి దాకా చేయి పెట్టి పెట్టె పైకి లాగింది. నేను అవతలి అంచు పట్టుకున్నాను. ఇద్దరు ముసలివాళ్ళం, రాగులన్నీ కాళ్ళ కింద చిమ్మి, ఒక రేకుపెట్టె కోసం పెనుగులాడాం. రేకు అంచు నా అరచేతిని కోసింది. నెత్తురు చూసి ఆమె చటుక్కున వదిలేసింది. తన కొంగు చింపి నా చేతికి కట్టు కట్టింది. 

"నేను నీకి అంత కావాల్సిన మనిషినా, మాబూ?" అంది మెల్లగా. "నాకి గుర్తుల్యాదే."

పెట్టె తీసుకోకుండా వెళ్ళిపోయింది. చిమ్మిన రాగులు ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

మంచుకాలం, ఇరవై ఆరో రోజు

గుట్ట పెద్ద వన్నూరప్ప పంచాయితీ పెట్టాడు. హంపక్కే పెట్టించింది. "నా సొమ్ము ఆమె దాచిపెట్టుకుంది," అంది అందరి ముందూ. దొంగను చూపించినట్లు నన్ను చూపించింది. తల దించుకున్నాను.

డాక్టరు వద్దన్నాడు, బండప్ప సంగతి ఎత్తబోయి హంపక్కను చూసి నోరు మూసుకున్నాడు. బతికున్న మనిషి సొత్తు ఆ మనిషికే చెందాలని కొందరు. ఆ మనిషే వద్దని ఊరంతా తిరిగి చెప్పింది కదా అని కొందరు. వన్నూరప్ప గడ్డం గోక్కున్నాడు.

"ఇట్లాంటి పంచాయితీ నేను సూల్లేదు," అన్నాడు చివరికి. "ఇచ్చినామె ఇప్పుడు ల్యాదు, అడిగేటామె అప్పుడు ల్యాదు. రెండు దినాలూ ఉండేది ఈ మాబూ ఒగతే. ఆయమ్మే తేల్చాల."

అందరూ నిమ్మళంగా లేచి పోయారు. బరువంతా నా నెత్తిన పడింది. ఏది చేసినా ఒక హంపక్కకు ద్రోహమే. వలలు దులపడానికి కూడా వెళ్ళలేదు ఈరోజు. పక్కింటివాళ్ళు దులిపారు.

మంచుకాలం, ఇరవై తొమ్మిదో రోజు

పొద్దున తూర్పు కొస వలల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంది. అక్కడ గుట్ట నిట్టనిలువుగా దిగుతుంది. దగ్గరికి పోవాలంటే భయం వేసింది, పోకుండా ఉండాలన్నా భయం వేసింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా వైపు చూడలేదు.

"నేను చెడ్డదాన్నా మాబూ?"

"యాలక్కా అట్లంటావు?"

"నా బిడ్డ నన్ను ఇడిసిపెట్టి పోయింది గదా. అందుకే గదా మీరెవురూ చెప్పరు. నేను దాన్ని కొట్టేదాన్నా? కూడు పెట్టకపోతినా? తల్లి ముసిల్దయి, తల కోయించుకుని పండుకుంటే కూడా చూసేకి రాలేదంటే, నేను ఎంత చెడ్డ చేసింటానో."

ఇన్నాళ్ళూ మేం దాచిన చోట ఆమె తనకు తానే ఒక కథ అల్లుకుంది. జరిగినదానికంటే అది ఘోరంగా ఉంది. పెన్నా కోసం తన వంతు నీళ్ళు కూడా తాగకుండా దాచిన మనిషి, ఆ బిడ్డను తరిమేసిన తల్లినని నమ్ముకుని కూర్చుంది. నాకు మాటిచ్చిన హంపక్క గుర్తుకొచ్చింది. ఆమె ఈ మాట విని ఉంటే ఏమనేదో నాకు తెలియదు. అడగడానికి ఆమె లేదు.

"ఇడిసిపెట్టి పోలేదక్కా," అన్నాను. "సచ్చిపోయింది. పంతొమ్మిదేండ్ల పిల్ల. పేరు పెన్నా. నువ్వంటే పానం దానికి."

కొంగు గట్టిగా పట్టుకున్నాను, లేచి పరుగెత్తుతుందేమోనని. ఆమె కదలలేదు. వలల వైపే చూస్తూ అంది:

"పెన్నా. మంచి పేరు." ఆ తర్వాత, "నాకి ఏడుపు రాల్యాదు మే. ఎవురో పిల్ల సచ్చిపోయిందంటే అయ్యో అనిపిస్తాది చూడు, అంతే. బిడ్డ సచ్చిందంటే ఏడుపు రాని తల్లి ఉంటాదా యాడన్నా?"

చేయి పట్టుకుని లేపాను. ఇంటికి తీసుకొచ్చి పెట్టె ఆమె ముందు పెట్టాను. మాట తప్పాను. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

మంచుకాలం, ముప్పై రెండో రోజు

చదువుతోంది. మా ఇంట్లోనే కూర్చుని చదువుతోంది. డాక్టరు రోజూ వచ్చి చేయి పట్టుకుని చూసి, నేను వేసిన పీట మీద కూర్చోకుండానే పోతున్నాడు. నా మీద కోపంగా ఉన్నాడు. నేను సంగటి కెలికి పళ్ళెం పక్కన పెడితే చదువుతూనే తింటోంది. తింటోందంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యమధ్యలో తలెత్తి మాట్లాడుతుంది, పక్కూరి మనిషి గురించి మాట్లాడినట్లు. "ఈమె శానా గట్టిది మే." "మొగుడు పోయినప్పుడు బాధ పడలేదని రాసింది. అబద్దం. రాసిన తీరు చూస్తేనే తెలుస్తాంది." పెన్నా పుట్టిన అధ్యాయం మాత్రం రెండుసార్లు చదివింది.  బయటికి వెళ్ళి మేకపిల్లను ఎత్తుకుని కాసేపు తిరిగింది.

మంచుకాలం, ముప్పై ఐదో రోజు

కథ ఆగిపోయిన చోటికి వచ్చింది. ఆ పేజీ మీద ఒకటే వాక్యం ఉంది: "ఆ రోజు గాలి పడమటి నుంచి వచ్చింది." మిగతా అంతా ఖాళీ.

"ఇది నువ్వు రాయాలంట గదా," అంది.

"రాయల్యాకున్నానక్కా. కూకుంటే చెయ్యి రాదు."

కలం తీసుకుంది. "నువ్వు చెప్పు. నేను రాస్తా."

వద్దన్నాను. డాక్టరును అడుగుదామన్నాను. ఆమె వినలేదు. "అది నా బిడ్డ అని అందురూ చెప్తాండారు. దాని సావు నాకొక్కదానికే తెల్దు. చెప్పు మే."

చెప్పాను. ఆ గాలికి తూర్పు కొస స్తంభం ఊగింది. వల చిరిగితే గుట్టంతటికీ నీళ్ళుండవని పెన్నా స్తంభమెక్కి తాళ్ళు వదులు చేస్తోంది. నువ్వు కింద నుంచి దిగమని అరిచినావు. అది నవ్వి, "ఇంగొక్క ముడి మా!" అనింది. స్తంభం విరిగింది. నువ్వు చేతిలో తాళ్ళు పారేసి పరుగెత్తినావు. మేం పట్టుకోబోతే విదిలించుకున్యావు. దాన్ని నువ్వే ఎత్తుకున్యావు. వన్నూరప్ప వచ్చి నేను మోస్తానంటే ఇయ్యకుండా, డాక్టరింటి దాకా నువ్వే మోసినావు.

నేను చాలాసార్లు ఆపాను. ఆమె ఆపలేదు. తల వంచుకుని రాస్తూనే ఉంది. నేను మాటలు మానేశాక కూడా కలం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రాయడం అయ్యాక కాగితాలు నా చేతికిచ్చి, "తడి ఆరేటట్ల పెట్టు. సరిగ్గా ఉండాదో లేదో చూడు," అని ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది.

పొయ్యి వెలుగులో చదివాను. నేను చెప్పిందే రాసింది, కాకపోతే 'నువ్వు' అన్న చోటల్లా 'ఆమె' అని రాసింది. ఆమె దిగమని అరిచింది. ఆమె తాళ్ళు పారేసి పరుగెత్తింది. ఆమెను ఎవరూ పట్టలేకపోయారు. తర్వాతి పంక్తి ఇలా ఉంది:

"బిడ్డను ఎత్తుకున్నాను. వన్నూరప్ప అడిగితే ఇవ్వలేదు. తల నా భుజం మీద వాలింది. జుట్టు తడిగా ఉంది. అది ఆరకముందే ఇంటికి చేర్చాలని నడిచాను."

కొట్టివేతలు లేవు. తడబాటు లేదు. 'ఆమె' పోయి 'నేను' వచ్చిన సంగతి రాసేటప్పుడు తనకే తెలిసినట్లు లేదు.

జుట్టు తడిగా ఉందని నేను చెప్పలేదు. మంచులో నిలబడ్డ పిల్ల జుట్టు తడవక ఏమవుతుంది, ఎవరైనా ఊహించి రాయగలరు. కానీ ఆ రోజు నేను పక్కనే నడిచాను. ఆ జుట్టు నుంచి చుక్కలు ఆమె చీర మీద పడుతూనే ఉన్నాయి.

వాకిట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. హంపక్క కొంగుతో ముఖం ఒత్తుకుంటూ లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"సరిగ్గా రాసినానా?"

"సరిగ్గా రాసినావక్కా," అన్నాను.